కాటన్ దొర పటం తీసెయ్యాలా?

ప్రశ్న: నమస్కారమండి. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు, కొద్దిగా వరి, కొద్దిగా కొబ్బరి. మా ఇంట్లో హాల్లో గోడకి మా తాతగారి టైమ్ నుంచి కాటన్ దొర పటం ఉందండి, పక్కనే అల్లూరి సీతారామరాజు పటం. ఇన్నేళ్ళూ ఎవరికీ ఏం తేడాగా అనిపించలేదు. మా అమ్మాయి లండన్లో మాస్టర్స్ చేసి మొన్న సంక్రాంతికి వచ్చింది, వచ్చీ రాగానే నాన్నా మనల్ని దోచుకున్నోళ్ళకి దండలేంటి సిగ్గుగా లేదా అంది. మా ఆవిడేమో ముందు ఆ కాలవ నీళ్ళతో పండిన అన్నం మానేసి అప్పుడు మాట్లాడమను అంది. పండగ మూడ్రోజులూ ఇదే గోలండి. పటం ఉంచాలా తీసెయ్యాలా?

జవాబు: అన్నగారూ, మీ గోడ మీద వాళ్ళిద్దరూ పక్కపక్కన ఉండటం నాకు భలే నచ్చింది. ఒకాయన కింద డెల్టాలో, ఒకాయన పైన మన్యంలో, ఇద్దరూ గోదారి మనుషులే, కానీ ఒకళ్ళ ప్రభుత్వం ఇంకొకళ్ళని కాల్చి చంపింది.

మీ ఆవిడ మాటలో నిజం ఎంతుందో చూద్దాం. ఆనకట్ట లేనప్పుడు మీ జిల్లా పరిస్థితి ఇప్పుడు ఊహించుకోవడం కూడా కష్టం. ఒక ఏడు వరద, ఇంకో ఏడు కరువు, 1833 కరువులో అవతల గుంటూరు వైపు జనం లక్షల్లో పోయారు, 1839లో ఉప్పెన వచ్చి కోరంగిని ఊడ్చేసింది, 1821లో ఏడు లక్షలు దాటి ఉన్న రాజమండ్రి జిల్లా జనాభా 1841 నాటికి ఆరు లక్షల లోపుకి పడిపోయింది. ఆ టైములో కాటన్ వచ్చి గోదారి నీళ్ళు ఊరికే సముద్రంలోకి పోతున్నాయని పైవాళ్ళకి రాసి రాసి ఒప్పించి 1847లో పని మొదలుపెట్టి 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాడు. అందుకే ఊరూరా విగ్రహాలు, స్నానం సంకల్పంలో ఆయన పేరు చెప్పే పంతుళ్ళు, పుష్కరాల్లో ఆయనకి పిండం పెట్టినవాళ్ళు. ఇదంతా ఎవరో జీవో ఇస్తే వచ్చింది కాదు కదా.

ఇప్పుడు మీ అమ్మాయి వైపు వద్దాం, ఆ పిల్ల చెప్పేదీ తీసిపారేసేది కాదు. జిల్లా అంతలా ఎందుకు ఎండిపోయింది అంటే ఒక్క వానదేనా తప్పు? శిస్తు ముక్కుపిండి వసూలు చేసేవాళ్ళు, కట్టలేకపోతే జమీన్లు వేలం. నర్సాపురం పక్కన మాధవాయపాలెం ఉంది చూశారా, ఆ ఊరి పేరు మీదే మడపొల్లం అని ఒక రకం గుడ్డకి ఇంగ్లండులో పేరొచ్చింది, అలాంటి చోట 1830 ప్రాంతంలో ఈస్టిండియా కంపెనీ కొనడం మానేసింది, అక్కడి మిల్లు గుడ్డ ఇక్కడికి దిగింది, సాలెవాళ్ళ మగ్గాలు మూలపడ్డాయి. ఇంక ఆనకట్టకి డబ్బు ఎందుకిచ్చారంటారా, మన మీద జాలితో కాదండి, శిస్తు రాబడి పడిపోతుంటే మళ్ళీ లేస్తుందని. కాటన్ కూడా తన రిపోర్టుల్లో ఇంత పెడితే ఇంత వస్తుందని లెక్కలు చూపించి మరీ అడిగాడు, అలా అడక్కపోతే వాళ్ళు పైసా విదిల్చేవాళ్ళు కాదు. ఆ డబ్బూ ఇక్కడి రైతు కట్టిన శిస్తులోదే, రాళ్ళు మోసింది ఇక్కడి కూలీలే, దగ్గరుండి పని చేయించిన వీణెం వీరన్న మనవాడే. కాటన్ విగ్రహాలు అన్ని ఉన్నాయి, వీరన్న పేరు మీ ఊళ్ళో ఎంతమందికి తెలుసో అడగండి ఒకసారి.

మన భాషలో దొర వేరు, దొరతనం వేరు. మీ ఆవిడ దొర గురించి మాట్లాడుతోంది, అమ్మాయి దొరతనం గురించి మాట్లాడుతోంది, ఇద్దరూ కరెక్టే, అందుకే మూడ్రోజులైనా తెగలేదు. ఆ దొరతనమే 1882లో అడవి చట్టం తెచ్చి మన్యంలో పోడు కొట్టుకునేవాళ్ళ నోటికాడ కూడు లాక్కుంది, గూడెం రోడ్డుకి సరిగ్గా కూలివ్వకుండా చాకిరీ చేయించింది, అల్లూరి 1922లో పోలీస్ స్టేషన్ల మీద పడింది ఊరికే కాదు.

ఇంకోటి చెప్పాలి, కొందరికి నచ్చదు. ఈ ప్రశ్న పెద్ద రైతుల ఇళ్ళల్లో ఒకలా ఉంటుంది, దళితవాడలో ఇంకోలా ఉంటుంది. 1876-78 కరువులో ఒంగోలు మిషన్లో ఉన్న క్లౌ అనే అమెరికా పాదిరీ బకింగ్‌హాం కాలవలో కొంత తవ్వకం కాంట్రాక్టు తీసుకుని మాదిగలకి పని చూపించాడు, తర్వాత మిషన్ బడుల్లోనే చాలామందికి మొదటిసారి పలక చేతికొచ్చింది, అంతకుముందు ఆ పలక ఇవ్వనిది తెల్లవాళ్ళు కాదు, మనవాళ్ళే. ఆ ఇళ్ళల్లో తెల్లవాళ్ళ మీద కోపం తక్కువ ఉంటే తప్పు పట్టే హక్కు మనకి లేదని నా అభిప్రాయం. అదే కరువులో వైస్రాయ్ లిట్టన్ దొరగారు ఢిల్లీలో 1877 జనవరి 1న దర్బారు పెట్టుకుని విందులు చేశాడు, అది కూడా అమ్మాయికి చెప్పండి, తనకి పనికొస్తుంది.

పటం తీయకండి, కానీ ఆ రెంటి మధ్యలో కాస్త ఖాళీ ఉంటే వీరన్న పటం ఒకటి పెట్టండి. అమ్మాయి తిరిగి వెళ్ళేలోపు ధవళేశ్వరం కాటన్ మ్యూజియంకి ఒకపూట, కృష్ణదేవిపేటలో రాజు సమాధికి ఒకరోజు తీసుకెళ్ళండి. వాదన కార్లో పెట్టుకోండి, భోజనాల దగ్గర వద్దు.

ప్రశ్న: మాది పత్తికొండ సైడు. మా ముత్తాతకి మన్రో దొర పేరు మీద మన్రోలప్ప అని పెట్టారు. కాలేజీలో ఫ్రెండ్స్ నవ్వుతారు సార్. మన్రో నిజంగా మంచోడేనా?

జవాబు: నవ్వనీ తమ్ముడూ. 1800లో నిజాం మీ జిల్లాలు కంపెనీకి రాసిచ్చాక థామస్ మన్రో ఏడేళ్ళు కలెక్టరుగా ఊరూరా గుడారాలేసుకు తిరిగాడు. శిస్తు నాలుగోవంతు తగ్గించమని 1807లో రాస్తే పైవాళ్ళు ఒప్పుకోలేదు, చివరికి గవర్నరయ్యాక తనే తగ్గించాడు. 1827లో మీ పత్తికొండలోనే కలరాతో పోయాడు. కానీ పాలెగాళ్ళ పొగరణిచిందీ ఆయనే, ఆ కోపమే తర్వాత ఉయ్యాలవాడ నరసింహారెడ్డి దాకా వచ్చింది, 1847లో కోయిలకుంట్లలో ఉరితీసి తల కోటకి వేలాడదీశారు. మీ ముత్తాత పేరు వెనక ఇవన్నీ ఉన్నాయి, ఫ్రెండ్స్‌కి చెప్పు.

ప్రశ్న: మా తెలంగాణకి ఈ గొడవ లేదు కదండీ, మాకు నిజామే గానీ బ్రిటిష్ వాళ్ళు లేరు కదా? (వరంగల్ నుంచి ఒక టీచర్)

జవాబు: లేకపోవడమేంటి మేడం, కోఠి ఉమెన్స్ కాలేజీలో ఆ పెద్ద స్తంభాల బిల్డింగు ఎవరిదనుకున్నారు? బ్రిటిష్ రెసిడెంటుది, అంటే నిజాం దగ్గర ఉండే వాళ్ళ ప్రతినిధిది, డబ్బు మాత్రం నిజాంది. సికింద్రాబాదులో వాళ్ళ సైన్యం, దాని ఖర్చూ మనదే. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ జనాన్ని వెంటేసుకుని ఆ రెసిడెన్సీ మీదకే వెళ్ళారు. తర్వాత ఖాన్‌ని చంపేశారు, మౌల్వీని అండమాన్ పంపారు. ఇప్పుడు బిల్డింగు రిపేర్ చేసి మెరిపించారు, అందరూ ఫొటోలు దిగుతున్నారు, నేనూ దిగాను. ఖాన్, మౌల్వీల గుర్తుగా కోఠి బస్టాండు దగ్గర ఒక స్తూపం కూడా ఉంది, ఈసారి పిల్లల్ని ఎక్స్‌కర్షన్‌కి తెస్తే అదీ చూపించండి.