ఇంగ్లాండ్‌లోని ఈటన్ కాలేజీ లోపలికి వెళ్లి చూడొచ్చా?

చూడొచ్చు. కానీ నేరుగా గేటు దగ్గరికి వెళ్తే కుదరదు. పేరుకి కాలేజీ అయినా ఇది స్కూలే, పిల్లలు ఇప్పటికీ అక్కడే ఉండి చదువుకుంటున్నారు కాబట్టి, గైడ్‌తో చూపించే రోజులేవో స్కూల్ వెబ్‌సైట్‌లో చూసి ముందే బుక్ చేసుకోవాలి. విండ్సర్ కోట చూశాక థేమ్స్ వంతెన దాటి నడుచుకుంటూ వెళ్లిపోవచ్చు.

1440లో ఆరో హెన్రీ రాజు 70 మందికి ఉచితంగా చదువు చెప్పించాలని పెట్టిన బడి ఇది. అన్నిటికంటే చాపెల్‌కి, అంటే అక్కడి ప్రార్థనా మందిరానికి, ఎక్కువ సమయం ఉంచుకోండి. దాని గోడల మీద 15వ శతాబ్దపు బొమ్మలున్నాయి. 1560లో వాటికి సున్నం కొట్టేశారు, 1847లో మళ్లీ బయటపడ్డాయి. నాకైతే అంతకన్నా నచ్చేవి పాత తరగతి గదులు. తరతరాల విద్యార్థులు చెక్క మీద చెక్కుకున్న పేర్లు అక్కడ ఒకదాని పక్కన ఒకటి కిక్కిరిసి ఉంటాయి.