ఆ పెద్దాయన పెట్టెలో మన జోలపాట

సంగీతం మాస్టారి జవాబులు

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. నిరుడు మా అమ్మాయి పురుడికని అమెరికా వెళ్లి, లూసియానాలోని లాఫయెట్‌లో ఆరు నెలలున్నాను. పక్కింట్లో ఎనభై దాటిన పెద్దాయన ఉండేవారు. కేజన్ వాళ్లట. శనివారం పొద్దున్నే అరుగు మీద కూర్చుని అకార్డియన్ వాయించేవారు. పక్కన భార్య, చుట్టూ మనవలు. ఒకరోజు నేను పసిదానికి జోల పాడుతుంటే కంచె అవతల విని, అదే వరస తన పెట్టె మీద పట్టుకోవాలని చాలాసేపు తంటాలు పడ్డారు. అప్పుడు చుట్టుపక్కల ఎవరూ లేరు. మొన్న ఆయన పోయారని అమ్మాయి ఫోన్ చేసింది. ఆయన భార్యకు ఉత్తరం రాయాలని ఉంది. అమ్మాయి ఇంగ్లీషులోకి మార్చి ఇస్తానంది. కానీ నాకు వాళ్ల భాష తెలియదు, సంగీతం తెలియదు. ఏమని రాయను?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రాయవలసింది మీరు రాసేశారు, ఆ జోలపాట సంగతి. ఈ వారం చోటంతా మీ ఒక్క ఉత్తరానికే ఇస్తున్నాను.

ముందు ఆ మనుషుల గురించి కాస్త. వాళ్ల పూర్వీకులు ఇప్పటి కెనడాలో నోవా స్కోషియా వైపు, అకాడియా అనే చోట సేద్యం చేసుకునే ఫ్రెంచివాళ్లు. 1755లో ఇంగ్లీషువాళ్లు ఇళ్లూ పొలాలూ లాక్కుని వాళ్లను ఓడలెక్కించేశారు. చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోయారు. అందులో కొన్ని కుటుంబాలు తర్వాత లూసియానా చేరాయి. అకాడియన్ అన్న మాటే నోళ్లలో నలిగి కేజన్ అయింది. అక్కడా భాషకు కష్టం తప్పలేదు. 1921 నుంచి ఆ రాష్ట్రంలో బడి చదువు ఇంగ్లీషులోనే సాగాలన్నారు, ఫ్రెంచి మాట్లాడిన పిల్లల్ని శిక్షించారు. మీ పెద్దాయన ఈడు వాళ్లలో ఎంతోమంది ఆ దెబ్బలు తిన్నవాళ్లే. ఆయన శనివారాలు అరుగు మీద ఏ భాష పాటలు వాయించారో, ఎందుకు మనవల్ని చుట్టూ కూర్చోబెట్టుకున్నారో ఇప్పుడు మీకు తెలుస్తుంది.

వాళ్ల డాన్సులు మొదట్లో ఇళ్లలోనే జరిగేవి. పిల్లల్ని పక్క గదిలో పడుకోబెట్టి పెద్దవాళ్లు తెల్లవార్లూ ఆడేవారు. ఆ డాన్సుకు పేరే ‘ఫే దో దో’. మన మాటలో ‘బజ్జో’. నాటకం పందిట్లో అమ్మ ఒడిలో నిద్రపోయిన నాలాంటి వాడికి ఆ పేరు వింటే చాలు.

ఇంకో సంగతి. ఆ సంగీతంలో పెద్ద పేర్లన్నీ కష్టం చేసుకుని బతికిన సంసారులవే. డ్యూయీ బాల్ఫా ఫిడేలు వాయించేవారు, స్కూలు బస్సు నడిపేవారు. 1964లో న్యూపోర్ట్ జానపద సంగీత ఉత్సవంలో వేల మంది ఎదుట వాయించి, ఊరికి తిరిగొచ్చి మన పాట మనమే కాపాడుకోవాలని అందరికీ చెప్పారు. 1979లో కారు ప్రమాదంలో తనతో వాయించే తమ్ముణ్నీ అన్ననీ పోగొట్టుకున్నారు. అయినా వాయించడం మానలేదు. ఆయన 1992లో పోయాక కూతురు క్రిస్టీన్ ఆ పాటలు అందుకుంది. డి.ఎల్. మెనార్డ్ అని ఇంకొకాయన, ఎరాత్ అనే చిన్న ఊళ్లో కుర్చీలు చేసి అమ్మేవారు. 85 ఏళ్లు బతికి 2017లో పోయారు.

మా నాన్న కూడా అంతే. పగలు పోర్టులో కలాసీ, రాత్రి నాటకాల్లో హార్మోనిస్టు. ఆయన పోయిన రోజు టౌన్‌కొత్తరోడ్డులో మా ఇంటికి చాలామంది వచ్చారు. కళామతల్లి ముద్దుబిడ్డ అన్నారు, తీరని లోటు అన్నారు. మంచి మనసుతోనే అన్నారు, కానీ ఒక్కటీ నా దగ్గర మిగల్లేదు. సాయంత్రం ఆయనతో పనిచేసిన కలాసీ ఒకాయన వచ్చి మా అమ్మతో అన్నాడు: “రాత్రి నాటకం ఉందంటే మీ ఆయన కుడి చేతి వేళ్లకి గుడ్డ చుట్టుకుని తాడు లాగేవాడమ్మా. వేళ్లు బొబ్బలెక్కితే మెట్లు పలకవనేవాడు.” నలభై ఏళ్లు కాపురం చేసిన మా అమ్మకే ఆ సంగతి తెలియదు. ఆ గుడ్డపేలికలు ఉతికింది మాత్రం ఆమే. ఆ మాట వినేవరకూ ఏడవలేదు, అప్పుడు ఏడిచింది.

అందుకని ఆ పెద్దాయన భార్యకు తెలియనిది రాయండి. ఎవరూ లేనప్పుడు ఆయన ఏం చేశారో చూసింది మీరొక్కరే.

సంగీతం తెలియదన్నారు కనుక ఇది కూడా చేర్చండి. ఆ కేజన్ పెట్టెకు మెట్లుండవు, పది బొత్తాలుంటాయి. తిత్తి నొక్కితే ఒక స్వరం, అదే బొత్తం మీద తిత్తి లాగితే ఇంకో స్వరం. లోపలున్నవి మాత్రం మన హార్మోనియంలో ఉన్నటువంటి లోహపు రీడ్లే. సాధారణంగా ఆ పెట్టెలో పలికేవి శంకరాభరణం స్వరాలు. మన జోలపాటలు నవరోజులో ఎక్కువ వింటాం, ఆ రాగం శంకరాభరణం నుంచి పుట్టిందే. మీది అందులోదైతే, ఆయన వెతికిన స్వరాలన్నీ ఆ పెట్టెలో ఉన్నాయి. మన గమకం దగ్గరే ఇబ్బంది. ఒక స్వరం నుంచి ఇంకోదానికి మనం గొంతు జార్చేస్తాం, ఆయనేమో తిత్తి దిశ మార్చాలి. అంతసేపు ఆయన తంటాలు పడింది అక్కడే అయి ఉంటుంది.

పెద్ద మాటలు వద్దు. ఏ నెల, ఎండా వానా, ఆయన ఎక్కడ కూర్చున్నారు, ఎన్నిసార్లు మొదటికొచ్చారు, చివరికి దొరికిందా, దొరికితే మీ వైపు చూశారా. ఇవి రాయండి. శనివారాలు ఆయన పక్కన ఆవిడ కూర్చునే చోటు గురించీ ఒక మాట రాయండి.

తర్వాత ఆ జోల మొదటి రెండు లైన్లు ఫోన్‌లో రికార్డు చేసి ఈ పత్రికకు పంపండి. స్వరాలు నేను రాస్తాను. స రి గ పక్కన వాళ్లకు అర్థమయ్యేలా సి డి ఇ అని కూడా వేస్తాను. ఆయన ఆగిపోయిన చోటు మీకు గుర్తుంటే పాడేటప్పుడు అక్కడ చెప్పండి, కాగితం మీద గీత పెడతాను. ఆ పెట్టె ఇప్పుడు ఏ మనవడి చేతిలో ఉందో, వాడికి ఆ గీత పనికొస్తుంది.