టోపీ పైన సాగుతోంది, అంచు తలకి ఎక్కట్లేదు: సమాధానం

ప్రభుత్వాసుపత్రిలో పుట్టే పిల్లలకని అల్లిన పన్నెండు ఊలు టోపీల్లో ఒక్కటీ పక్కింటి పాపకి పట్టలేదన్నారు కదా. కుట్లు తక్కువై కాదండి, కాస్ట్ ఆన్ (సూది మీద మొదటి కుట్లు ఎక్కించే వరస) బిగిసింది. కుట్లు పెంచితే టోపీ కళ్ల మీదికి జారుతుంది.

1. లావు సూది వాడమని అందరూ చెబుతారు. దానితో కుట్టు పెద్దదవుతుంది గానీ, రెండు కుట్ల మధ్య దారం పెరగదు. సాగాల్సింది అదే. ఒక్కో కుట్టు ఎక్కించాక చూపుడువేలి కొన పట్టేంత ఖాళీ వదిలి తర్వాతది ఎక్కించండి. మొదటి వరస వికారంగా ఉంటుంది. ఉండనివ్వండి, రిబ్ (అంచున సాగే గీతల అల్లిక) నాలుగు వరసలయ్యేసరికి సర్దుకుంటుంది.

2. నెలలు నిండి పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత సుమారు 33 నుంచి 36 సెం.మీ. అంచు మామూలుగా 30 ఉన్నా, లాగితే 38 దాకా రావాలి. టేపు పెట్టి చూడండి.

3. అల్లినవి విప్పక్కర్లేదు. అంచుకి ఒక వరస పైన కుట్లన్నీ సన్న సూది మీదికి ఎత్తుకున్నాకే కింది అంచు కత్తిరించండి. తర్వాత లావు సూదితో వదులుగా కాస్ట్ ఆఫ్ చేయండి, అంటే కుట్లు ముడివేసి ముగించండి.

బెంగళూరు చిక్‌పేటలో కొన్న యాక్రిలిక్ ఊలు బాగానే ఉంది, మార్చకండి. పైన కుట్టిన పాంపామ్‌లు (ఊలు బంతులు) మాత్రం తీసేయండి, పసిపిల్లల నోట్లోకి పోతాయి.