టెక్ సందేహాలు: గేమ్ కష్టమా, ఖర్చా?

ఈ వారం ఉత్తరాల్లో ప్రింటర్లూ వైఫై రౌటర్లూ పక్కకి తప్పుకున్నాయి. నెల్లూరు నుంచి మార్కాపురం దాకా అందరూ గేముల గురించే అడిగారు. ఎండాకాలం సెలవులు మరి. వాట్సాప్ బ్యాకప్ గురించి రాసినవాళ్లు వచ్చే వారం దాకా ఓపిక పట్టాలి.

*అన్నా, మాది నెల్లూరు. బీటెక్ మూడో సంవత్సరం. ఎల్డెన్ రింగ్‌లో మార్గిట్ అనే బాస్ (పెద్ద శత్రువు) దగ్గరే ఆగిపోయినా. పల్టీ కొట్టి తప్పుకునే రోల్ నొక్కినా వాడి కర్ర తగులుతానే ఉంది. ల్యాప్‌టాప్ ఐ5, 8 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1650. తప్పు నా చేతులదా, ల్యాప్‌టాప్‌దా?*

ఇద్దరిదీ ఉంది తమ్ముడూ. ముందు ల్యాప్‌టాప్ సంగతి. ఈ గేమ్‌కి కంపెనీ చెప్పిన కనీస ర్యామ్ 12 జీబీ. నీ గ్రాఫిక్స్ కార్డు సెట్టింగులు తగ్గిస్తే నెట్టుకొస్తుంది గానీ 8 జీబీ ర్యామ్ చాలదు. అది నిండిపోగానే విండోస్ పట్టని డేటాను డిస్కు మీదికి తోస్తుంది, గేమ్ ఓ క్షణం బిగుసుకుంటుంది. రోల్‌లో దెబ్బ తగలకుండా ఉండే సమయం అర సెకను కూడా లేదు. ఆ క్షణం నీ రోల్ సమయంలోనే వస్తే ఇక చేతులేం చేస్తాయి? ఇంకో 8 జీబీ వేయించు. ఖాళీ స్లాట్ ఉందో లేదో, డీడీఆర్4 కావాలో డీడీఆర్5 కావాలో చూసుకున్నాకే షాపుకి పో.

రెండోది మన ఎండ. ప్రాసెసర్ 95, 100 డిగ్రీల దగ్గరికి చేరితే కాలిపోకుండా తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. మే నెల మధ్యాహ్నం, పరుపు మీద ల్యాప్‌టాప్, కింద గాలి రంధ్రాలు మూసుకుపోయి ఉంటే ఏ ఐ5 అయినా పది నిమిషాల్లో చేతులెత్తేస్తుంది. బల్ల మీద పెట్టి, వెనకవైపు కింద ఓ పుస్తకం ఎత్తు పెట్టు. ఫ్యాన్ దుమ్ము దులిపించు. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో సెకనుకి వచ్చే ఫ్రేములను 30కి బిగించు. 55కీ 25కీ మధ్య ఊగే గేమ్ కంటే 30 మీద కదలకుండా నిలబడే గేమ్‌లోనే టైమింగ్ చేతికి పట్టుబడుతుంది. టీవీకి తగిలించి ఆడుతుంటే టీవీలో గేమ్ మోడ్ ఆన్ చెయ్యి. అది లేకపోతే బొమ్మకి మెరుగులు దిద్దడానికే టీవీ సమయం తినేస్తుంది.

ఇక చేతుల సంగతి. మార్గిట్ కర్ర ఎత్తి, కావాలనే ఆగి, అప్పుడు కొడతాడు. ఎత్తగానే కంగారుపడి రోల్ నొక్కితే అయిపోయావు. దిగేటప్పుడు నొక్కాలి. అయినా వాడి మీదికి ఇప్పుడే పోవాలని ఎవరన్నారు? దక్షిణాన వీపింగ్ పెనిన్సులా మొత్తం తిరిగిరా, వైగర్ (ప్రాణబలం) పెంచుకో, చర్చ్ ఆఫ్ ఎల్లేలో కత్తిని +3 దాకా సానబెట్టు. మర్క్‌వాటర్ గుహలో ప్యాచెస్ అనే మాయగాడిని చంపకుండా వదిలేస్తే 5,000 రూన్లకు (గేమ్‌లో డబ్బు) ఓ సంకెల అమ్ముతాడు. దాన్ని వాడితే మార్గిట్ కాసేపు నేలకు అతుక్కుపోతాడు. మార్గిట్ ఉండే చోటి పొగ గుమ్మం బయట మంత్రగాడు రోజియర్‌ని తోడు పిలుచుకోవచ్చు. ఇవేవీ దొంగదారులు కావు. 2022లో ఈ గేమ్ తీసిన హిదెటాకా మియజాకి బృందమే వీటిని అక్కడ పెట్టింది.

ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ (మియజాకి కంపెనీ) గేములంటే నాకు గౌరవం ఇందుకే. 2009 నాటి డెమన్స్ సోల్స్ నుంచీ వీళ్లు మనల్ని చంపుతూనే ఉన్నారు. కానీ చచ్చినచోట నిలబెట్టి ‘ఇంకో 99 రూపాయలు కొట్టు, గెలిపిస్తా’ అని మాత్రం అడగరు. ఓడిపోతే తప్పు ఎక్కడ జరిగిందో కనబడుతుంది, దిద్దుకుంటే ముందుకి పోతావు. అలాంటి కష్టం ఎంతైనా పెట్టమనండి, నాకు పేచీ లేదు.

*సార్, ఒంగోలులో ఉద్యోగం, వయసు 46. మణికట్టు నొప్పి. సెలెస్ట్‌లో అసిస్ట్ మోడ్ (ఆటను సులువు చేసే సెట్టింగు) పెట్టుకుని ఆడుతుంటే ‘అది ఆడినట్టు కాదు నాన్నా’ అంటున్నాడు మావాడు. నిజమేనా?*

ఒంగోలువారు అడగాల్సిన ప్రశ్నేనా సార్ ఇది! మన బండలాగుడు పోటీల్లో పాలపళ్ల ఎడ్లకి ఒక బండ, రెండు పళ్ల జతకి ఒకటి, సీనియర్లకి ఇంకొకటి. రెండు పళ్ల గిత్తలు చిన్న బండ లాగాయని ఎవరైనా ఈల వెయ్యడం మానేస్తారా?

2018లో వచ్చిన సెలెస్ట్‌లో ఆట వేగం తగ్గించుకోవచ్చు, అలసట లేకుండా చేసుకోవచ్చు, అసలు చావే లేకుండా కూడా చేసుకోవచ్చు. తీసినవాళ్లే ఆలోచించి ఇచ్చిన సదుపాయం అది. అలాగని ప్రతి గేమ్‌లోనూ ఈజీ మోడ్ ఉండి తీరాలని నేననను. 2019లో సెకిరో ఏ మోడూ లేకుండా వచ్చింది, ఆ ఏడాది గేమ్ అవార్డ్స్‌లో ఉత్తమ గేమ్‌గా నిలిచింది. తన ఆట ఎంత గట్టిగా ఉండాలన్నది తీసినవాడి ఇష్టం. కానీ ఒంటరిగా ఆడుకునే గేమ్‌లో పక్కవాడు సులువుగా ఆడితే నా గెలుపు విలువ పడిపోతుందనే వాదన మాత్రం నాకెప్పుడూ మింగుడుపడలేదు. గట్టితనం గురించి తీసినవాళ్లే మనసు మార్చుకున్న సందర్భాలూ ఉన్నాయి. 2025 సెప్టెంబరులో హాలో నైట్: సిల్క్‌సాంగ్ వచ్చినప్పుడు మొదట్లోనే మరీ గట్టిగా ఉందని గోల లేచింది. ఆస్ట్రేలియాలోని ఆ చిన్న బృందం ఆటను సరిదిద్దే తొలి ప్యాచ్‌లోనే ఇద్దరు బాసులను కాస్త మెత్తబరిచింది. ఎవరి పరువూ పోలేదు.

మణికట్టుకి ఒక చిట్కా. కంప్యూటర్ గేములు అమ్మే స్టీమ్‌లో కంట్రోలర్ సెట్టింగుల్లోకి వెళ్తే పట్టుకుని ఉంచాల్సిన బటన్‌ను ఒకసారి నొక్కితే చాలేట్టు మార్చుకోవచ్చు. గోడ పట్టుకునే బటన్‌కి అది పెట్టండి. నొప్పి తగ్గకపోతే డాక్టర్‌కి చూపించండి, నాకు కాదు.

*తమ్ముడూ, కావలి నుంచి రాస్తున్నా. మావాడు తొమ్మిదో తరగతి. నా ఫోన్లో ఏదో తుపాకుల ఆట, ఉచితం అన్నాడు. పెట్టెలు తెరవడానికని నాలుగు వేలు పెట్టేశాడు. డబ్బులు వెనక్కి వస్తాయా?*

అక్కా, కొన్న 48 గంటల్లోపైతే గూగుల్ ప్లే సైట్‌లో ఆర్డర్ వివరాల దగ్గర రీఫండ్ అడగండి. దాటితే గేమ్ కంపెనీకి రాసుకోవాలి, గట్టి ఆశ పెట్టుకోవద్దు. డబ్బు పోయింది యూపీఐలోనైతే, ఆటోపే, లైట్ లాంటి పిన్ అడగని పద్ధతులు లేకపోతే పిన్ కొట్టకుండా డబ్బు కదలదు. అంటే మీ పిన్ వాడికి తెలిసి ఉంటుంది. ముందు అది మార్చండి. ప్లే స్టోర్ సెట్టింగుల్లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి.

వాడిని తిట్టేముందు ఒక లెక్క చూపించండి. లోపల ఏముందో తెలియని ఆ పెట్టెలో మంచి తుపాకీ స్కిన్ (తుపాకీకి వేసే రంగుల వేషం) వచ్చే అవకాశం నూటికి 1 అనుకుందాం. 100 పెట్టెలు తెరిస్తే వచ్చి తీరుతుందని పిల్లలు అనుకుంటారు. రాదు. అలా 100 పెట్టెలు తెరిచిన ప్రతి 100 మందిలో సుమారు 37 మంది ఉత్త చేతులతో మిగులుతారు. బెల్జియం 2018లోనే ఇలాంటి పెట్టెలను జూదం కింద లెక్కగట్టింది. మన రాష్ట్రం 2020లోనే డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది, 2025 ఆగస్టులో కేంద్రం దేశమంతటికీ చట్టం తెచ్చింది. అయితే ఆ చట్టం గురి డబ్బు పందెం పెట్టి డబ్బు గెలుచుకునే ఆటల మీద. పెట్టెలో వచ్చే రంగు చొక్కా డబ్బు కాదు కదా, ఆ సందులోనే ఈ వ్యాపారం నడుస్తోంది.

కంపెనీలు పిల్లలకి పరిమితులు పెట్టాయంటారా? 2021లో బీజీఎంఐ అనే తుపాకుల ఆట వచ్చినప్పుడు 18 ఏళ్లలోపు వారి ఖర్చుకి పెట్టిన హద్దు రోజుకి 7,000 రూపాయలు. నెలకి కాదక్కా, రోజుకి. నేను కష్టమని ఒప్పుకోనిది ఈ రకాన్ని. మీవాడు ఓడిపోయింది ఆటలో కాదు, అంగట్లో.

*కందుకూరు నుంచి: ఇన్‌స్టాలో ఒకతను రెండొందలకే స్టీమ్ ‘ఆఫ్‌లైన్ ఐడీ’ ఇస్తానంటున్నాడు. తీసుకోవచ్చా?*

వద్దు. ఒకే అకౌంట్‌ను వందమందికి అమ్ముతారు. ఇది స్టీమ్ నిబంధనలకు విరుద్ధం, అకౌంట్ ఎప్పుడు మూతపడుతుందో అమ్మినవాడికీ తెలియదు. గేమ్ నచ్చుతుందో లేదోనని సందేహమైతే సొంత అకౌంట్‌లోనే కొను. 14 రోజుల్లోపు, 2 గంటలకు మించి ఆడకుండా ఉంటే స్టీమ్ డబ్బు వెనక్కి ఇస్తుంది. సేల్ దాకా ఆగితే ఇంకా మంచిది.

*పొదిలి నుంచి: డబ్బు పెట్టి కొన్న రేసింగ్ గేమ్, సర్వర్ మూసేశాం అంటున్నారు. ఇంట్లో ఒక్కణ్ణే ఆడుకునేదానికి సర్వర్ ఎందుకు? కొన్నాక నాది కాదా?*

పచ్చిగా చెప్పాలంటే కాదు. మీరు కొన్నది ఆడుకునే అనుమతి మాత్రమే. ఇలాంటి గొడవల్లో పేరుమోసింది యూబీసాఫ్ట్ వారి ది క్రూ. 2014లో వచ్చింది, ఒంటరిగా ఆడినా నెట్ ఉండాల్సిందే. 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు, అంతటితో గేమ్ అయిపోయింది. దాని మీదే ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ అనే ఉద్యమం పుట్టి, యూరప్‌లో 2025 జూలైకి పది లక్షల సంతకాలు దాటింది. సర్వర్లు కలకాలం నడపమని వాళ్లు అడగడం లేదు, మూసేముందు ఆఫ్‌లైన్‌లో ఆడుకునే వీలు కల్పించమంటున్నారు. ఈ కోరికలో నాకు వంక కనబడలేదు.

మీ గేమ్‌కి ఆఫ్‌లైన్ ప్యాచ్ ఇచ్చారేమో కంపెనీ ప్రకటనలో చూడండి. ఇవ్వకపోతే చేసేదేమీ లేదు. ఇకమీదట కొనేముందు స్టోర్ పేజీలో ‘ఎప్పుడూ నెట్ కావాలి’ అనే గమనిక ఉందేమో వెతకండి. దొరికినంతవరకు జీఓజీ అనే ఆన్‌లైన్ స్టోర్ నుంచి కొనండి. అక్కడి గేములకి డీఆర్ఎం తాళం (కాపీ కాకుండా పెట్టే కట్టడి) ఉండదు, ఇన్‌స్టాలర్ ఫైలే మీ చేతికిస్తారు. దాన్ని బయటి హార్డ్‌డిస్కులో వేసి పెట్టుకోండి, ఆ డిస్కు మీద పేరు రాయండి. లేకపోతే ఇంట్లో ఎవరో ఒకరు పెళ్లి వీడియో కోసం ఫార్మాట్ చేసేస్తారు.