ఎంజీబీకి 4,200 డాలర్ల స్టీరియో: పెట్టుబడా, ఖర్చా?

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, జీతం ఏడాదికి 1,10,000 డాలర్లు. పోయినేడాది 18,000 పెట్టి 1966 ఎంజీబీ రోడ్‌స్టర్ (టాప్ తీసేసుకునే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) కొన్నాను. అందులో రేడియో లేదు, దాని చోట మూత పలక ఒకటి ఉంది. స్టీరియో షాపువాళ్లు అన్నీ కలిపి 4,200 అన్నారు, వాళ్లిచ్చిన కోట్ (ఖర్చుల అంచనా) జతచేశాను. 24 శాతం వడ్డీ ఉన్న కార్డు మీద పెట్టి నెలకు 150 చొప్పున తీర్చేద్దామనుకుంటున్నా. కారు విలువ కూడా పెరుగుతుంది కాబట్టి ఇది ఒకరకంగా పెట్టుబడే కదా? 401కెలో (జీతంలోంచి కట్టే రిటైర్మెంట్ పొదుపు) 2 శాతం వేస్తున్నాను, కంపెనీ 4 శాతం దాకా మనం ఎంత వేస్తే అంత వేస్తుంది. మా ఆవిడ మాత్రం "కారే దండగ, దానికి పాటలు కూడానా" అంటోంది.

జవాబు: పెట్టుబడి కాదండీ, ఖర్చు. ఖర్చు అన్నానని తప్పు అంటున్నట్టు కాదు. పిల్లలకి సంగీతం నేర్పించడమూ ఖర్చే, ఏటా ఇండియా వెళ్లి రావడమూ ఖర్చే, అవన్నీ మానేసి బతకమని నేనెవరికీ చెప్పను. కానీ ఖర్చుని పెట్టుబడి అని పిలుచుకుంటే చేయి దానంతటదే వదులైపోతుంది, 1,300తో అయ్యేది 4,200 అవుతుంది. మీ కోట్‌లో నాకు కనిపించింది అదే.

కార్డు సంగతి ముందు తేల్చేద్దాం. 4,200 మీద 24 శాతం వడ్డీ, నెలకు 150 కడితే తీరడానికి దాదాపు మూడున్నరేళ్లు పడుతుంది, వడ్డీయే 2,000 డాలర్లు దాటుతుంది. అంటే మీ స్టీరియో ధర 6,200. ఇంకోపక్క 401కెలో మీరు వేయకుండా వదిలేస్తున్న ఆ 2 శాతానికి కంపెనీ కూడా వేయడం లేదు, అది ఏడాదికి 2,200 డాలర్లు. మీ ఉత్తరంలో నాకు టెన్షన్ పెట్టింది స్టీరియో కాదు, ఇది. ఇవాళే లాగిన్ అయి దాన్ని 4 శాతం చేయండి, ఐదు నిమిషాల పని. నెలకు 183 డాలర్లు మీ జీతంలోంచి తగ్గుతాయి, పన్నుకి ముందు డబ్బు కాబట్టి చేతికి తగ్గేది అంతకన్నా తక్కువే.

ఇక కోట్. హెడ్ యూనిట్ (డాష్‌బోర్డులో కూర్చునే స్టీరియో పెట్టె) 500, నాలుగు స్పీకర్లు 600, యాంప్ (శబ్దం పెంచే పెట్టె), సబ్‌వూఫర్ (బేస్ కోసం పెట్టే పెద్ద స్పీకర్) 1,100, ఆల్టర్నేటర్ (ఎక్కువ కరెంటు ఇచ్చే జనరేటర్) పెట్టి వైరింగ్ మార్చడానికి 900, తలుపులు కోసి బిగించే కూలీ 1,100. పావలా కోడికి ముప్పావలా మసాలా అంత కాదుగానీ, ఆ దారిలోనే ఉంది. ఒకదాని కోసం ఇంకొకటి ఎలా వచ్చి చేరిందో చూడండి. మీ కారులో కరెంటు తయారుచేసేది పాతకాలపు డైనమో, బాగా తిరిగినప్పుడు అది ఇచ్చేది 22 ఆంపియర్లు, 12 వోల్టులకి లెక్కేస్తే 264 వాట్లు. హెడ్‌లైట్లు, ఇగ్నిషన్, పెట్రోల్ పంపు, వైపర్లు అన్నీ అందులోంచే తాగాలి, సిగ్నల్ దగ్గర ఆగితే ఆ మాత్రం కూడా రాదు. అందుకే పెద్ద యాంప్ పెట్టాలంటే ఆల్టర్నేటర్ కావాలి. యాంప్ ఎందుకంటే సబ్‌వూఫర్‌కి. టాప్ తీసేసి హైవే మీద 60 మైళ్ల వేగంతో పోతుంటే గాలి హోరులో ఆ బేస్ ఎవరికి వినపడుతుందండీ? పక్క లేన్‌లో ట్రక్కు డ్రైవర్‌కి తప్ప. సబ్‌వూఫర్ కొట్టేస్తే యాంపూ, ఆల్టర్నేటరూ వాటంతటవే కోట్‌లోంచి దిగిపోతాయి.

ఒకటి మాత్రం దిగదు. 1967 దాకా వచ్చిన ఎంజీబీలకి బ్యాటరీ పాజిటివ్‌ని బాడీకి కలిపి ఉంచేవారు, ఇప్పటి స్టీరియోలకి బాడీ నెగటివ్ కావాలి. ఎవరూ మార్చకుండా ఉంటే మీ కారు కూడా అంతే. ఉన్నదున్నట్టు బిగిస్తే స్టీరియో పెట్టె బాడీకి తగలగానే షార్ట్. సీట్ల వెనక రెండు 6 వోల్టుల బ్యాటరీలు ఉంటాయి చూడండి, అక్కడ తీగలు తిరగేసి, ఇగ్నిషన్ కాయిల్ తీగలు మార్చి, డైనమోని కొత్త దిశకి తగ్గట్టు మళ్లీ పోలరైజ్ చేస్తే పని అవుతుంది. కష్టమైన పని కాదు, రేపు కావాలంటే వెనక్కి మార్చుకోవచ్చు. కాకపోతే మీ కారులో టాకోమీటర్ (ఇంజన్ ఎంత వేగంగా తిరుగుతోందో చూపించే మీటరు) ఎలక్ట్రిక్ రకం, దాన్ని విప్పి లోపల సర్దించకపోతే ఆ మార్పు తర్వాత పనిచేయదు. కోట్‌లో ఆ మాటే లేదు, అడగండి. స్టీరియోకి వేరే ఫ్యూజ్‌తో బ్యాటరీ నుంచే కరెంటు తీయమనండి. మీ కారులో ఉన్నవి రెండే ఫ్యూజులు, ఇగ్నిషన్‌కి వెళ్లే తెల్ల తీగకి అసలు ఫ్యూజే లేదు. షాపువాళ్లు తొందరలో దాని మీద తగిలించేస్తే ఏదో ఒకరోజు హార్నెస్ (కారులోని తీగల కట్ట) మొత్తం కాలిపోవచ్చు.

ఇప్పుడు ఆ 1,100 కూలీ. మా నాన్నగారికి విజయవాడలో ప్రీమియర్ పద్మిని ఉండేది. తొంభైల్లో ఒక షాపువాడు వెనక సీటు పైన ఉండే పార్సిల్ ట్రేని రంపంతో కోసి రెండు కోడిగుడ్డు ఆకారం స్పీకర్లు పెట్టాడు, మేం పిల్లలం సంబరపడిపోయాం. అమ్మేటప్పుడు కొనడానికి వచ్చినాయన వెనక తలుపు తీసి, స్పీకర్ జాలీ ఎత్తి, ఆ కన్నంలోంచి డిక్కీలోకి వేలు పెట్టి తిప్పాడు. ఒక్క మాట అనలేదు. ధర మాత్రం మేం అనుకున్నదానికన్నా బాగా తగ్గించాడు. పద్మినికే అలా ఉంటే 1966 ఎంజీబీ కొనేవాళ్లు తలుపు రేకు కోసి ఉంటే ఊరుకోరు. స్టీరియోకి పెట్టిన 500 ఒకసారే పోతుంది, కోసిన తలుపు మాత్రం బిగించేటప్పుడు ఒకసారి, అమ్మేటప్పుడు ఇంకోసారి డబ్బు లాగుతుంది.

కాబట్టి నా లెక్క ఇది. పాతకాలపు రెండు నాబ్‌ల ముఖంతో, లోపల బ్లూటూత్ ఉన్న హెడ్ యూనిట్ 500. కాళ్ల దగ్గర పక్కన కూర్చునే చిన్న డబ్బాల్లో రెండు స్పీకర్లు 250, ఏదీ కోయక్కర్లేదు. బ్యాటరీ తిరగేయడం, టాకోమీటర్ 350. విడిగా ఫ్యూజు, వైరింగు 200. మొత్తం 1,300, మీ ఊళ్లో కాస్త అటూఇటూ అవుతుంది. ఆ మూత పలక, తీసిన ప్రతి స్క్రూ ఒక డబ్బాలో వేసి కారు పేరు రాసి దాచండి. నెలకు 220 చొప్పున పక్కన పెడితే ఆరు నెలల్లో నగదుతో కొనేయొచ్చు. 401కె పెంచాక చేతికి వచ్చేది తగ్గింది కాబట్టి అది ఎనిమిది నెలలైనా ఫర్వాలేదు, 1966 నుంచి రేడియో లేకుండా తిరిగిన కారు ఇంకో ఎనిమిది నెలలు తిరుగుతుంది.

ఇన్సూరెన్స్ కూడా ఒకసారి తీసి చూడండి. మామూలు కారు పాలసీ అయితే ప్రమాదం జరిగాక కంపెనీ లెక్క ప్రకారం ఆ రోజు విలువే ఇస్తారు. క్లాసిక్ కార్ల పాలసీలో ముందే ఒప్పుకున్న విలువ ఉంటుంది, కాకపోతే రోజూ ఆఫీసుకి దాంట్లో వెళ్లకూడదు వంటి షరతులు పెడతారు. స్టీరియో పెట్టాక ఫొటోలు, బిల్లులు పంపి చెప్పండి. ఆ బిల్లులు పారేయకండి. సొంతానికి వాడుకునే కారుని నష్టానికి అమ్మితే పన్నులో చూపించుకోలేరు, లాభం వస్తే మాత్రం కట్టాలి, అప్పుడు కారుకి మీరు పెట్టిన ఖర్చుకి ఆధారం అవే.

మీ ఆవిడకి ఈ జవాబు చూపించండి. 6,200 కాదు 1,300, అదీ అప్పు లేకుండా అని చెబితే మాట మారొచ్చు, మారకపోవచ్చు, అది నా పరిధిలోది కాదు. షాపువాళ్లకి మాత్రం ఇవాళే ఫోన్ చేసి, తలుపుల మీద రంపం పెట్టొద్దని చెప్పండి.