కూలర్ కొనే ముందు ఆ చిన్న వాల్వు చూడండి

ప్రశ్న: మాది గుంటూరు. పదకొండేళ్ళుగా టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. 2016 మోడల్ పికప్ ట్రక్కు ఉంది, 6 స్పీడ్ ఆటోమేటిక్, 94 వేల మైళ్ళు తిరిగింది. కిందటేడు 5,200 పౌండ్ల ట్రావెల్ ట్రైలర్ కొన్నాం. జూలైలో పిల్లల్ని తీసుకుని న్యూమెక్సికో బయల్దేరాం. అలమగోర్డో నుంచి క్లౌడ్‌క్రాఫ్ట్‌కి ఘాట్ ఎక్కుతుంటే ట్రాన్స్‌మిషన్ (గేర్‌బాక్సు) నూనె టెంపరేచర్ 238 డిగ్రీల ఫారెన్‌హీట్ చూపించింది. పక్కకి ఆపి అరగంట కూర్చున్నాం. ఒకటే టెన్షన్. ఆ నూనెను చల్లబరిచే కూలర్ పెద్దది వేస్తే సరిపోతుందా? నేనే బిగించుకోవచ్చా? పేరు మాత్రం వేయకండి, ట్రైలర్ కొన్న గొడవే ఇంట్లో ఇంకా చల్లారలేదు.
– ఒక పాఠకుడు, ఫ్రిస్కో

జవాబు: పేరు వేయడం లేదు, నిశ్చింతగా చదవండి. ఆ రోడ్డు నాకూ తెలుసు. యూఎస్ 82 మీద 16 మైళ్ళలో 4,300 అడుగుల పైచిలుకు ఎక్కుతాం. జూలై ఎండలో, వెనక ట్రైలరుతో అంటే ఏ బండికైనా పరీక్షే. మీరు ఆపడం మంచిదైంది. ఈసారి ఆపినప్పుడు ఇంజిను మాత్రం ఆపేయకండి. పార్క్‌లో పెట్టి, ఇంజిను నడుస్తూ ఉండనివ్వండి. అప్పుడే ట్రాన్స్‌మిషన్ నూనె కూలర్‌లోంచి తిరిగి చల్లబడుతుంది.

అసలు ఆ వేడి ఎక్కడ పుడుతుందో చూద్దాం. ఇంజినుకీ గేర్‌బాక్సుకీ మధ్య, ఇంజిను బలాన్ని నూనె ద్వారా గేర్లకు అందించే టార్క్ కన్వర్టర్ ఉంటుంది. లోపలి క్లచ్ లాక్ కానంతసేపూ అది కవ్వంతో మజ్జిగ చిలికినట్టు నూనెను చిలుకుతూనే ఉంటుంది. బరువుతో మెల్లగా ఎక్కుతున్నప్పుడు లాక్ పడుతూ ఊడుతూ ఉంటుంది, గేరు కిందికీ పైకీ మారుతుంది. వేడంతా అక్కడే. మామూలుగా నూనె 175 నుంచి 200 ఫారెన్‌హీట్ మధ్య ఉంటే బాగుంటుంది. 200 దాటాక ప్రతి 20 డిగ్రీలకూ నూనె ఆయుష్షు సగమవుతుందని మెకానిక్కుల మోటు లెక్క. 238 అంటే మన సెల్సియస్‌లో 114. ఒకసారి తగిలితే కొంప మునగదు. ప్రతి ప్రయాణంలో తగిలితే లోపలి రబ్బరు సీళ్ళు గట్టిపడి గేరు జారడం మొదలవుతుంది.

కాబట్టి కూలర్ పెట్టించుకోవడం మంచిదే. కానీ దానికన్నా ముందు, డబ్బులు ఖర్చు కాని పరీక్ష ఒకటుంది.

నేను విజయవాడ ఆటోనగర్లో లారీ షెడ్డులో పని నేర్చుకున్నాను. మా మేస్త్రి ఏ బండి వచ్చినా ముందు నూనెలో వేలు ముంచి వాసన చూడమనేవాడు. ఇక్కడ డాలస్ పక్కన షాపు పెట్టాక కూడా ఆ అలవాటు పోలేదు. మీ ట్రాన్స్‌మిషన్ నూనె ఒక చుక్క తెల్ల టిష్యూ మీద వేయండి. ఎర్రగా పాకితే సరే. గోధుమ రంగుకి తిరిగి, మాడిన పోపు వాసన వస్తే నూనె అయిపోయినట్టే, కూలర్ కన్నా ముందు నూనె, ఫిల్టరు మార్చాలి. అదే స్ట్రాబెర్రీ మిల్క్‌షేక్‌లా లేత గులాబీ రంగులో, చిక్కగా ఉంటే బండి కదపొద్దు. రేడియేటర్‌లో ఉన్న కూలర్ గొట్టం పగిలి కూలెంట్ (ఇంజిన్ని చల్లబరిచే ద్రవం) నూనెలో కలిసిందని అర్థం. అప్పుడు బయట ఎంత పెద్ద కూలర్ పెట్టినా లాభం లేదు.

నూనె బాగుంటే అసలు దొంగని వెతకండి. మీ కాలపు పికప్పుల్లో చాలావాటికి కూలర్ లైన్ల మధ్య ఒక చిన్న థర్మోస్టాట్ వాల్వు ఉంటుంది. చలికాలంలో నూనె త్వరగా వేడెక్కాలని, మైలేజీ రావాలని పెట్టారు. నూనె బాగా వేడెక్కేదాకా అది కూలర్ వైపు సరిగా పోనివ్వదు. అది మూసుకుపోయి ఇరుక్కుంటే మీరు తలుపంత కూలర్ బిగించినా దానిలోకి నూనే రాదు. బండిని వేడెక్కించి ఆపి, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో కూలర్ వైపు వెళ్ళే లైను చూడండి. లోపల నూనె 200 చూపిస్తుంటే ఆ లైను గోరువెచ్చగా ఉందంటే దొంగ దొరికినట్టే. వాల్వు మార్చడానికి అయ్యే ఖర్చు మీ కొత్త కూలర్ కన్నా తక్కువ.

ఇదంతా సరిగ్గా ఉన్నా ఘాట్‌లో 220 దాటుతుంటే అప్పుడు కూలర్. మీ బరువుకి స్టాక్డ్ ప్లేట్ రకం (పలకలు ఒకదానిమీద ఒకటి పేర్చినది) చాలు, సుమారు ఏ4 కాగితమంత. చవగ్గా దొరికే గొట్టం, రెక్కల రకం కొనొద్దు, అదే సైజులో అది అంత పని చేయదు. నాలుగు వందల డాలర్లది కూడా అక్కర్లేదు. ఏసీ కండెన్సర్ (రేడియేటర్ ముందుండే ఏసీ జాలీ) ముందు అరంగుళం సందు వదిలి బిగించాలి. మరీ పెద్దది పెడితే ఆగస్టులో ఏసీ చల్లదనం తగ్గి, ఇంట్లో ఇంకో గొడవ లేస్తుంది.

నూనె ట్రాన్స్‌మిషన్ నుంచి ముందు రేడియేటర్‌లోకి, అక్కడి నుంచి కొత్త కూలర్‌లోకి, తర్వాత మళ్ళీ ట్రాన్స్‌మిషన్‌లోకి వెళ్ళాలి. నూనెను రేడియేటర్‌లోకి పోనివ్వకుండా నేరుగా కొత్త కూలర్‌కే కలపమని కొందరు చెబుతారు. మీ ఊళ్ళో జనవరిలో మంచు పడ్డ పొద్దున బండి తీసి చూడండి, నూనె చిక్కబడి గేరు ఎంత బద్ధకంగా పడుతుందో. హోసు మాత్రం ఎస్‌ఏఈ జె1532 అని ముద్ర ఉన్నదే కొనండి. మామూలు పెట్రోల్ హోసు వేడికి ఉబ్బుతుంది.

బిగింపు గురించి నా సొంత తప్పు చెబుతాను. మొదటి రోజుల్లో నా పాత పికప్‌కి కూలర్ డబ్బాలో వచ్చిన ప్లాస్టిక్ పుల్లల్నే వాడాను. రేడియేటర్ రెక్కల్లోంచి దూర్చి వెనక చిటికెన వేలంత బిళ్ళతో నొక్కేస్తాం, పావుగంటలో పని అయిపోతుంది. ఎంత తెలివైన పనో అనుకున్నాను. ఎనిమిది నెలల తర్వాత ఒక ఉదయం డ్రైవ్‌వేలో ఆకుపచ్చ కూలెంట్ మరక. బండి ఊగినప్పుడల్లా ఆ పుల్ల రేడియేటర్ గొట్టాన్ని రాస్తూ రాస్తూ సూది మొనంత కన్నం పెట్టింది. పావుగంట ఆదా చేసుకుని కొత్త రేడియేటర్ కొన్నాను. అప్పటి నుంచి ఎవరి బండికైనా ఇనుప పట్టీలతో ఫ్రేముకే బిగిస్తాను. రెండు గంటలు ఎక్కువ పడితే పడనివ్వండి.

రెంచీ పట్టడం వచ్చిన మనిషైతే శనివారం ఒక్కరోజు పని. అయ్యాక కొత్త కూలర్, హోసులు తాగినంత నూనె మళ్ళీ పోయాలి. ఇంజిను నడుస్తుండగా, మీ మాన్యువల్‌లో చెప్పిన వేడి దగ్గర లెవెల్ చూడాలి. చల్లటి బండిలో చూసి నింపితే ఎక్కువైపోతుంది.

చివరిగా ఒక మాట అడగాలి. ఆ రోజు ఘాట్‌లో, బరువు లాగేటప్పుడు వాడాల్సిన టో హాల్ బటన్ నొక్కారా? మీ ఉత్తరంలో దాని మాట లేదు, అందుకే అనుమానం. నొక్కి, గేరు మూడులోనో నాలుగులోనో పట్టి, గంటకు 45 మైళ్ళ వేగంతో ఎక్కండి. ఇంజిను గోల పెడుతుంది, పెట్టనివ్వండి. ఆ గోలలో కన్వర్టర్ లాకయి ఉంటుంది, నూనె చల్లగా ఉంటుంది.

ప్రశ్న: మా బాబాయి నంద్యాలలో కొత్త టిప్పర్ తీసుకున్నాడు. క్లచ్ పెడల్ లేదు. దానికీ ఇలాంటి కూలర్ కావాలా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: మీరు చెప్పినదాన్ని బట్టి అది ఏఎంటీ అయి ఉంటుంది. లోపల మామూలు గేర్‌బాక్సే, మామూలు క్లచ్చే, తొక్కే పని మాత్రం మనిషి బదులు యంత్రం చేస్తుంది. టార్క్ కన్వర్టర్ లేదు కాబట్టి ఈ కూలర్ గొడవ లేదు. దాని శత్రువు వేరే. క్వారీ మిట్ట మీద ముందు బండి కదలకపోతే, బ్రేకు వేయకుండా యాక్సిలరేటర్‌తోనే బండిని నిలబెట్టే డ్రైవర్లుంటారు. అలా చేస్తే క్లచ్ ప్లేటు మాడిపోతుంది. నిలబడాలంటే బ్రేకు మీదే నిలబడమని బాబాయికి కాదు, ఆయన డ్రైవరుకి చెప్పండి.