వ్యవసాయ డిగ్రీలో విద్యార్థి క్లబ్బులు: కొండపి ప్రాంత రైతుకు సమాధానం

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా కొండపి ప్రాంతం. 4 ఎకరాలలో పొగాకు, మిగిలిన చేలో శనగ వేస్తాము. మా అమ్మాయి తమిళనాడులో ఒక క్రైస్తవ సంస్థ నడుపుతున్న విశ్వవిద్యాలయంలో ఈ ఏడాది బీఎస్సీ ఆనర్స్ అగ్రికల్చర్‌లో చేరింది. అక్కడ పుట్టగొడుగుల పెంపకం క్లబ్బు, నర్సరీ క్లబ్బు, ఎన్ఎస్ఎస్, విద్యార్థుల ప్రార్థన సహవాసం ఉన్నాయట. అన్నింటిలోనూ చేరతానంటోంది. పుట్టగొడుగుల క్లబ్బులో వాటా కింద 2,000 రూపాయలు పంపమని కూడా అడిగింది. మేము హిందువులము. మార్కులు తగ్గుతాయేమోనని నాకు దిగులు, మతం మార్చేస్తారేమోనని మా అమ్మకు దిగులు. అసలు ఈ క్లబ్బుల వలన రేపు ఉద్యోగానికి ఉపయోగం ఉంటుందా?

జవాబు: ఉద్యోగం సంగతితోనే మొదలుపెడతాను. మన రాష్ట్రంలో వ్యవసాయ డిగ్రీ చదివిన పిల్లలలో చాలామంది ఆశ పెట్టుకునే ప్రభుత్వ ఉద్యోగాలకు క్లబ్బు సర్టిఫికెట్ పనికిరాదు. 2019లో గ్రామ సచివాలయాలలో వ్యవసాయ సహాయకులను రాత పరీక్ష ఆధారంగానే తీసుకున్నారు. వ్యవసాయాధికారి పోస్టుకైనా పోటీ పరీక్షలో తెచ్చుకున్న మార్కులే ఆధారం. కాబట్టి క్లబ్బులో ఉంటే ప్రభుత్వ ఉద్యోగం సులభమవుతుందని ఎవరైనా మీ అమ్మాయికి చెబితే ఆ మాట నమ్మవద్దని చెప్పండి.

అయితే రాత పరీక్ష తరువాత ఒక మనిషి ఎదురుగా కూర్చుని ప్రశ్నలు వేసే చోట పరిస్థితి వేరు. బ్యాంకులలో వ్యవసాయ క్షేత్రాధికారి ఉద్యోగానికి, బ్యాంకు ఉద్యోగాల పరీక్షలు నిర్వహించే ఐబీపీఎస్ ప్రిలిమ్స్, మెయిన్స్ పరీక్షల తరువాత ఇంటర్వ్యూ ఉంటుంది. హైదరాబాదులోని మేనేజ్ సంస్థలో వ్యవసాయ వ్యాపార నిర్వహణ పీజీ డిప్లొమాకు కూడా ఇంటర్వ్యూ ఉంటుంది. విత్తన కంపెనీలు, ఎరువుల కంపెనీలు సరే సరి. రైతుకు అప్పు ఇవ్వవలసిన అధికారి ఉద్యోగం కోసం వచ్చిన అమ్మాయిని, నువ్వు ఎప్పుడైనా నీ చేతులతో ఏదైనా పండించి అమ్మావా, ఎంత మిగిలింది, నష్టం వస్తే ఎందుకు వచ్చింది అని అడిగినప్పుడు, పుస్తకంలోని నిర్వచనం ఒప్పజెప్పే విద్యార్థికీ, నూరు సంచులలో పన్నెండు సంచులకు పచ్చబూజు పట్టింది, గడ్డిని సరిగా ఉడికించకపోవడమే కారణం అని చెప్పగలిగే విద్యార్థికీ ఉన్న తేడా రెండు నిమిషాలలో బయటపడుతుంది.

అందుకే నా సలహా ఇది: నాలుగింటిలోనూ చేరనివ్వకండి. ఏదైనా పండించి, అమ్మి, లెక్క చూసే క్లబ్బు ఒకటి ఎంచుకుని మూడో సంవత్సరం చివరి వరకు అందులోనే ఉండమనండి. నాలుగు క్లబ్బులలో పేరు రాయించుకుని ఒక్కొక్కదానిలో రెండు సమావేశాలకు వెళ్లి ఫొటోలు దిగిన పిల్లలను నేను చాలామందిని చూశాను. వాళ్ల బయోడేటా నిండుగా ఉంటుంది గాని, దాని గురించి మాట్లాడమంటే రెండో వాక్యం దగ్గర ఆగిపోతారు.

నాలుగింటిలో పుట్టగొడుగుల క్లబ్బు మంచిదని నేను అనుకోవడానికి కారణం దానిలో దాగిన పాఠాలే. ముత్యపుచిప్ప పుట్టగొడుగుకు వరిగడ్డి, శుభ్రమైన గది, నాణ్యమైన విత్తనం, తగినంత తేమ ఉంటే చాలు. సంచులలో విత్తనం వేసిన మూడు నాలుగు వారాలకు మొదటి కోత వస్తుంది. అంటే ఒకే సెమిస్టరులో పెట్టుబడి, పెంపకం, చీడ, కోత, అమ్మకం అన్నీ చూడవచ్చు. పంట ఏడాదికి ఒకసారి చేతికి వచ్చే మన శనగ చేలో ఈ అనుభవం నాలుగేళ్లకు గాని రాదు. పైగా కోసిన పుట్టగొడుగు చల్లని చోట పెట్టకపోతే ఒకటి రెండు రోజులకు మించి నిలవదు కనుక, కోయక ముందే కొనేవారిని చూసుకోవాలన్న సంగతి పిల్లలకు బాగా అర్థమవుతుంది. హాస్టలు మెస్సువాళ్లతో ధర మాట్లాడుకోవడం ఆ వయసులో చిన్న పని కాదు. పొగాకు వేలం కేంద్రంలో కొనేవారు లేక బేళ్లకు నో బిడ్ అని రాసినప్పుడు మీరు పడే బాధ ఏమిటో ఇంట్లో చూసి పెరిగిన పిల్ల గనుక, మార్కెట్ పాఠం ఆమెకు తోటి విద్యార్థుల కంటే ముందే తెలిసి ఉంటుంది. ఆ అనుభవం క్లబ్బులో చెప్పడానికి సిగ్గుపడవద్దని చెప్పండి. పొగాకు రైతు కూతురు కావడం ఆ తరగతిలో ఆమెకు ఒక బలం.

క్లబ్బులో చేరడం కంటే అందులో ఏ పని తీసుకుంటారన్నది ముఖ్యం. అధ్యక్ష పదవికి అందరూ పోటీ పడతారు. నన్నడిగితే కోశాధికారి పని అడగమంటాను. అమెరికాలో బడి పిల్లలకు వ్యవసాయం నేర్పడానికి 1928లో కాన్సస్ సిటీలో మొదలైన ఎఫ్ఎఫ్ఏ సంస్థలో ప్రతి విద్యార్థీ సొంతంగా ఒక పని చేపట్టి, దాని ఖర్చులు, రాబడి, గడిపిన గంటలు రికార్డు పుస్తకంలో రాయాలన్న పద్ధతి ఉంది. అక్కడి విశ్వవిద్యాలయాలలో వ్యవసాయ క్లబ్బులకు వచ్చే పిల్లలు చాలామంది ఆ అలవాటుతోనే వస్తారు. మన పిల్లలకు ఆ అలవాటు బడిలో చేయించరు కాబట్టి మీ అమ్మాయి తనంతట తాను ఒక రెండు వందల పేజీల నోటుబుక్కు పెట్టుకోవాలి. ఏ తేదీన ఎన్ని కిలోల గడ్డి, విత్తనానికి ఎంత, గదిలో ఉష్ణోగ్రత ఎంత, ఎన్ని సంచులు పాడయ్యాయి, ఎంతకు అమ్మారు అన్నవి సొంత దస్తూరీతో రాసుకున్న ఆ పుస్తకం, రంగురంగుల సర్టిఫికెట్ల కంటే నాలుగేళ్ల తరువాత ఎక్కువ పనికొస్తుంది.

చదువులోనూ దీనికి చోటుంది. భారత వ్యవసాయ పరిశోధన మండలి, అందరూ ఐసీఏఆర్ అనేది, 2015 జూలైలో మొదలైన స్టూడెంట్ రెడీ కార్యక్రమం ద్వారా వ్యవసాయ డిగ్రీ చివరి ఏడాదిలో విద్యార్థులను గ్రామాలకు పంపి రైతుల దగ్గర పని నేర్చుకునే ఏర్పాటు చేసింది. పిల్లలు దానిని రావె అంటారు. క్యాంపస్‌లోనే చిన్న వ్యాపారంలా ఒక పంటనో ఉత్పత్తినో నడిపే భాగం కూడా అందులో ఉంటుంది. క్లబ్బులో మూడేళ్లు గడిపిన విద్యార్థికి చివరి ఏడాది ఆ పనులు కొత్తగా అనిపించవు. ఇక్కడ మీ అమ్మాయికి ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది: ఆ గ్రామాలలో రైతులు మాట్లాడేది తమిళం. ఎరువు మోతాదు ఇంగ్లీషులో చెబితే ఏ రైతు వింటాడు? క్లబ్బు పని మీద గడ్డి అమ్మేవాళ్లతో, మెస్సువాళ్లతో, చుట్టుపక్కల రైతులతో బేరమాడుతూ నేర్చుకున్న తమిళం, తరగతి గదిలో నేర్పినా రానంత బాగా వస్తుంది.

ఎన్ఎస్ఎస్ గురించి ఎక్కువ చెప్పను. రెండేళ్లలో 240 గంటల సేవ, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం దాని నియమం. ఎన్ఎస్ఎస్, ఎన్‌సీసీలలో ఏదో ఒకటి వ్యవసాయ డిగ్రీ పాఠ్యప్రణాళికలోనే ఉంటుంది కాబట్టి దానిని క్లబ్బుల లెక్కలో చేర్చవలసిన పని లేదు. నర్సరీ క్లబ్బు మంచిదే గాని ఈ ఏడాదికి వదిలేయమనండి.

మార్కుల విషయంలో మీ భయం పూర్తిగా కొట్టిపారేసేది కాదు. పీజీ ప్రవేశాలలో ఓజీపీఏ, అంటే అన్ని సెమిస్టర్ల మార్కుల సగటు, చూసే చోట్లు ఉన్నాయి, మొదటి రెండు సెమిస్టర్లలో తగ్గిన ఓజీపీఏను తరువాత పైకి లాగడం కష్టం. కనుక మొదటి సెమిస్టరులో వారానికి మూడు నాలుగు గంటలకు మించకుండా సభ్యురాలిగా మాత్రమే ఉండి, ఫలితాలు వచ్చాక బాధ్యతలు తీసుకోవడం మంచిది. మరొక మాట, క్లబ్బుల కంటే ముఖ్యమైనది: ఆ కళాశాలకు ఐసీఏఆర్ గుర్తింపు ఉందో లేదో, ఎంతవరకు అమలులో ఉందో ఒకసారి చూడండి. పీజీ ప్రవేశాలలో కొన్నింటికి, కొన్ని ఉద్యోగ ప్రకటనలకు ఆ గుర్తింపు అడుగుతారు.

ఇక మీ అమ్మగారి దిగులు. ప్రార్థన సహవాసం వేరు, వ్యవసాయ క్లబ్బు వేరు. మొదటిది విశ్వాసం ఉన్న విద్యార్థులు తమ ఇష్టంతో కూడుకునేది, రెండవది పని నేర్చుకునేది. క్రైస్తవ సంస్థలలో క్లబ్బు సమావేశాలు కూడా చిన్న ప్రార్థనతో మొదలు కావచ్చు. ఆ రెండు నిమిషాలు మౌనంగా కూర్చోవడం మర్యాద, మతం మార్చుకోవడం కాదు. అంతకు మించి పాల్గొనాలా వద్దా అన్నది మీ అమ్మాయి ఇష్టం. ప్రభుత్వ గుర్తింపు గాని ప్రభుత్వ నిధులు గాని ఉన్న ఏ విద్యాసంస్థలోనైనా విద్యార్థి సమ్మతి లేకుండా మత బోధనకు, ఆరాధనకు హాజరు కావాలని బలవంతం చేయకూడదని మన రాజ్యాంగం 28వ అధికరణం మూడవ క్లాజు చెబుతోంది. విద్యార్థి మైనరైతే తల్లిదండ్రుల సమ్మతి కావాలి. స్నేహితురాళ్లు సహవాసానికి పిలిస్తే వెళ్లడమో, మర్యాదగా వద్దనడమో ఆమె తేల్చుకోగలదు. పద్దెనిమిదేళ్ల పిల్లను ఫోనులో రోజూ దీని గురించి నిలదీస్తే మిగిలిన సంగతులు కూడా మీకు చెప్పడం మానేస్తుంది.

క్రైస్తవ మిషన్లకూ వ్యవసాయ చదువుకూ ఉన్న సంబంధం పాతదే. అలహాబాదులో యమున ఒడ్డున వ్యవసాయ విద్యాసంస్థను 1910లో స్థాపించిన శామ్ హిగిన్‌బాటమ్ మిషనరీ. అక్కడ వ్యవసాయ ఇంజనీరింగ్ విభాగాన్ని నిలబెట్టిన మేసన్ వా మన రైతుల ఎద్దులు లాగగలిగే తేలిక నాగళ్ల మీద పనిచేశాడు. మన ఒంగోలులోనే 1876–78 కరువులో మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవారికి కూలి పని కల్పించిన సంగతి మీ అమ్మగారి తరం వారు విని ఉండవచ్చు. ఆయన బాప్తిస్మాలు ఇచ్చాడన్నదీ నిజమే, పని కల్పించాడన్నదీ నిజమే. రెండూ కలిపి చెబితేనే పెద్దావిడ నమ్ముతారు.

ఆదివారం గురించి మాత్రం మీ అమ్మాయి ముందుగా అడిగి తెలుసుకోవాలి. కొన్ని క్రైస్తవ ప్రాంగణాలలో ఆదివారం ఆరాధన తప్ప వేరే కార్యక్రమాలు పెట్టరు. పుట్టగొడుగులకు ఆదివారం సెలవు తెలియదు, ఆ రోజు కూడా గదిలో నీళ్లు చల్లి తేమ నిలపాలి. బ్యారన్‌లో పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే క్యూరింగ్ జరిగే అయిదారు రోజులు రాత్రీ పగలూ ఎవరో ఒకరు వేడి చూసుకుంటూ ఉండవలసిందేనని మీకు నేను చెప్పనక్కరలేదు. క్రైస్తవ విద్యార్థులు చర్చికి వెళ్లే సమయంలో తడి చూసుకునే పని మీ అమ్మాయి తీసుకుని, దీపావళికి ఇంటికి వచ్చినప్పుడు ఆ పని వాళ్లకు అప్పగిస్తే అందరికీ సరిపోతుంది.

2,000 రూపాయలు పంపండి. అయితే అది ఖర్చుల కింద ఇస్తున్నది కాదని, వాటా కింద ఇస్తున్నదని చెప్పి పంపండి. సంక్రాంతి సెలవులకు వచ్చినప్పుడు నోటుబుక్కు తెమ్మనండి. పొగాకు చేతికి వచ్చాక మీరు కూలి, కట్టెలు, ఎరువు, వేలం ధర రాసుకునే పుస్తకం కూడా తీసి పక్కన పెట్టండి. ఆమె లెక్కలో తన శ్రమకు కూలి వేసుకుందో లేదో మీరు చూడండి. మీ లెక్కలో ఇంటివాళ్ల కూలి ఎందుకు లేదని ఆమె అడిగితే, కోప్పడకుండా జవాబు వెతకండి.